జరగకముందు రాసిన కాగితం

ఖరగ్‌పూర్

బుజ్జీ,

నీ ఉత్తరం అందింది. ఎం.ఏ. ప్రాజెక్టుకి అతీంద్రియ శక్తుల మీద పని చేస్తానన్నావని మీ నాన్న కంగారు పడుతున్నాడు. నాకా కంగారు లేదు. నువ్వు చదువుతున్న ఆంధ్రా యూనివర్సిటీలోనే 1967లో కోనేరు రామకృష్ణారావు గారు మనస్తత్వశాస్త్రంతో పాటు పరామనోవిజ్ఞానానికీ కలిపి ఒక శాఖ పెట్టారు. అమెరికాలో ఈ శక్తుల మీద ప్రయోగాలు చేసిన జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చిన మనిషాయన. తర్వాత రైన్ స్థాపించిన సంస్థకే డైరెక్టరయ్యారు, మన యూనివర్సిటీకి వైస్ ఛాన్సలరూ అయ్యారు. అంచేత విషయం చిన్నదని ఎవరన్నా పట్టించుకోకు. నా పేచీ అంతా నువ్వు సమాచారం సేకరిస్తానన్న పద్ధతితోనే.

సెలవుల్లో వచ్చి ఇక్కడి మథురాకాఠీ, నింపురా, మలంచా వాడలు తిరిగి, ముందే తెలిసిందని చెప్పేవాళ్ళ అనుభవాలు ఫోనులో రికార్డు చేస్తానన్నావు. బహానగా రైలు ప్రమాదానికి ముందు రాత్రి పట్టాలు విరిగినట్టు కల వచ్చిందని ఒకావిడ చెప్పిందనీ, దాంతోనే మొదలుపెడతాననీ రాశావు. ఆవిడ అబద్ధం చెబుతోందని నేననను. కానీ 2023 జూన్ 2న అక్కడ కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ పడిపోయింది మన ఖరగ్‌పూర్ రైల్వే డివిజన్‌లోనే. ఆ రాత్రి ఈ ఊళ్ళో నిద్రపోయిన రైల్వే ఇల్లుందా? డ్యూటీకి వెళ్ళిన మనిషి ఏమైపోతాడోనన్న కల ఇక్కడ ఏడాది పొడుగునా ఏదో ఒక ఇంట్లో వస్తూనే ఉంటుంది. ఏమీ జరగనినాడు పొద్దున్న టీ తాగేసరికి అది మరిచిపోతారు. జరిగినప్పుడు మాత్రం కల గుర్తుండిపోతుంది. చెప్పినకొద్దీ ఆ కలలో కొత్త వివరాలు చేరతాయి.

ఇంగ్లండులో జాన్ బార్కర్ అనే మానసిక వైద్యుడు సరిగ్గా నువ్వనుకున్న పనే చేశాడు. 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో బొగ్గుగని వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడింది. 144 మంది పోయారు, అందులో 116 మంది పిల్లలు. ముందే తెలిసినవాళ్ళుంటే రాయమని బార్కర్ పత్రిక ద్వారా అడిగితే 76 ఉత్తరాలొచ్చాయి. అన్నీ జరిగిన తర్వాత రాసినవే. వాటితో ఏదీ తేలదని ఆయనకీ తెలిసింది. అందుకే 1967లో లండన్ ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రికతో కలిసి, జోస్యాలన్నీ జరగకముందే రాయించుకుని తేదీ వేసి దాచే కార్యాలయం ఒకటి తెరిచాడు. వచ్చిన జోస్యాల్లో చాలా చాలా భాగం ఎక్కడా తగల్లేదు. నేను ఆయన్ని గౌరవించేది ఆ కార్యాలయం తెరిచినందుకు.

అలా అప్పటికప్పుడు రాసిపెట్టడం నాకు కొత్త కాదు. స్టేషన్ మాస్టరుగా నా ఉద్యోగమంతా ట్రైన్ సిగ్నల్ రిజిస్టరు ముందే గడిచింది కదా, నీకు చిన్నప్పుడు చూపించాను కూడా. పక్క స్టేషను లైన్ క్లియర్ ఇస్తే, అంటే రైలు పంపడానికి ఒప్పుకుంటే, ఆ నిమిషమే సిరాతో టైము వెయ్యాలి. తప్పు పడితే చెరపకూడదు, దిద్దకూడదు. పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి పొడి సంతకం పెట్టాలి. దాంతోపాటు ప్రైవేట్ నంబరు ఉంటుంది: అవతలి మాస్టరు తన షీటులోంచి ఒక అంకె చెప్పి కొట్టేస్తాడు, నేను దాన్ని నా రిజిస్టరులో వేసుకుంటాను. రేపు ఏదైనా జరిగితే రెండు చోట్లా అంకె కలవాలి. నేనెంత నిజాయితీపరుణ్ణని ఎవరూ అడగరు, రెండు పుస్తకాలూ తెప్పించి చూస్తారు. నీ నోటుపుస్తకం కూడా అలాగే ఉండాలి తల్లీ.

రెండో పుస్తకం ఎందుకో రైన్ సంస్థలోనే తెలిసింది. 1974లో అక్కడి యువ డైరెక్టరు వాల్టర్ లెవీ జంతువుల మీద ప్రయోగాలు చేస్తూ ఫలితాలు నమోదుచేసే పరికరంతో ఆటలాడుతున్నాడని తోటివాళ్ళకి అనుమానమొచ్చింది. అతనికి తెలియకుండా ఇంకో రికార్డరు తగిలించారు. అతని లెక్కలో విజయాలున్నాయి, రెండో దాంట్లో వట్టి కాకతాళీయమే. లెవీ వెళ్ళిపోయాడు, రైన్ ఆ సంగతి తనే బయటపెట్టాడు.

అంత మోసం అక్కర్లేకుండానే కలం వంకర తిరుగుతుంది. 1939లో కెనడీ, అప్‌హాఫ్ అనే ఇద్దరు ఇదే పరీక్షించారు. కార్డుల ఆటలో జవాబులు రాసుకునేవాళ్ళు వందకి ఒకటి చొప్పున తప్పు రాశారు. నమ్మినవాళ్ళ తప్పులు ఎక్కువగా మార్కులు పెంచే వైపు, నమ్మనివాళ్ళవి తగ్గించే వైపు పడ్డాయి. కాబట్టి చెప్పేది విని రాసేవాళ్ళకి సరైన జవాబు తెలియకూడదు. జవాబు తెలిసినవాళ్ళు ఆ గదిలోనే ఉండకూడదు.

ఇక అంకెలు. రైన్ కార్డులు మీ క్లాసులో చూసే ఉంటావు: 25 కార్డులు, అయిదు బొమ్మలు. ఊరికే నోటికొచ్చింది చెప్పినా సగటున అయిదు కలుస్తాయి. వంద మందిని కూర్చోబెడితే నలుగురైదుగురు తొమ్మిదో, అంతకన్నా ఎక్కువో కలుపుతారు, అదీ కేవలం అదృష్టం కొద్దీ. ఆ అయిదుగురి పేర్లే రాసి మిగతా తొంభై అయిదు మందినీ వదిలేశావా, నీ దగ్గర మహిమ తయారైపోతుంది. అందుకే ఎంతమందిని కూర్చోబెడతావో, ఎక్కడ ఆపుతావో ముందే రాసెయ్యి. బాగా వస్తున్నాయని పొడిగించకు, రావట్లేదని మధ్యలో మానెయ్యకు.

మాతా పూజల్లో పూనకం వచ్చి సోది చెప్పే పెద్దావిడ గురించి అడిగావు. ఆవిడ మాటలు నేనూ విన్నాను. దక్షిణం నుంచి కబురొస్తుంది అంటారు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి తాతల నాడు వచ్చి స్థిరపడ్డ మన వాడలో దక్షిణం నుంచి కబురు రాని ఇల్లేది? ఇంట్లో ఇనుముతో పనిచేసే మనిషికి గండం అంటారు. పక్కనే రైల్వే వర్క్‌షాపు! విన్నవాళ్ళు ఉలిక్కిపడతారు, ఉలిక్కిపడటం నిజమే. ఆ మాట ఆ మనిషి కోసమే వచ్చిందా అన్నది నువ్వు తేల్చాలి.

దానికొక మార్గముంది. ఆవిడ ఒప్పుకుంటేనే సుమా, భక్తితో వచ్చినవాళ్ళ మధ్య ఫోను పట్టుకుని నిలబడితే నేను ఊరుకోను. పది మందికి ఆవిడ చెప్పినవి విడివిడిగా రాయించు. పేరు, వీధి, ఉద్యోగం పట్టించే ముక్కలన్నీ తీసేసి నంబర్లు వెయ్యి. తర్వాత పదీ కలిపి ఒక్కొక్కళ్ళకీ ఇచ్చి, ఇందులో నీది ఏదో తియ్యమను. తమకు చెప్పింది తామే విన్నవాళ్ళయితే లాభం లేదు, అందుకని సోది చెప్పేటప్పుడు వాళ్ళు అక్కడ ఉండకూడదు, వాళ్ళ తరఫున చీటీ మాత్రమే వెళ్ళాలి. ఊరికే తీసినా సగటున ఒకరికి తనది దొరుకుతుంది. ఇంకో వాడలో, ఇంకో పది మందితో మళ్ళీ చెయ్యి. ఎక్కువమందికి వరసగా దొరుకుతుంటే అప్పుడు నేను రైలెక్కి విశాఖ వస్తాను, నీ గైడుతో మాట్లాడతాను.

ఈ తీరు పరీక్ష జాతకాలకి జరిగింది. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, నరేంద్ర దభోల్కర్ వగైరాలు కలిసి మహారాష్ట్రలో చేశారు. చురుకైన పిల్లలవి, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి జాతకాలు కోడ్ నంబర్లతో జ్యోతిష్కులకిచ్చి ఏది ఎవరిదో చెప్పమన్నారు. 27 మంది తలా 40 జాతకాలు చూసి జవాబులు పంపారు. సగటున 46 శాతం కలిశాయి, బొమ్మా బొరుసా వేసినా 50 రావాలి. 2009లో కరెంట్ సైన్స్‌లో అచ్చయింది, తెప్పించుకుని చదువు. ముందు వాళ్ళు నియమాలు ఎలా కట్టుకున్నారో చూడు.

నువ్వు అడగకపోయినా చెబుతున్నాను: ఇంతవరకు పోగైన లెక్కలు నన్ను ఒప్పించలేదు. అయినా నీ పని జరగాలనే నా కోరిక. మన వాడల్లో ఇంతమంది ఇలాంటి సోది మాటల్ని, జోస్యాల్ని ఆధారం చేసుకుని మందులు మానేస్తున్నారు, పెళ్ళి సంబంధాలు వదులుకుంటున్నారు. వాటిని ఒక్కసారైనా ఎవరో శ్రద్ధగా, మర్యాదగా లెక్కపెట్టాలి. ఫలితం సున్నా వస్తే సున్నా అనే రాయి. ఆ కాగితానికీ మార్కులు వెయ్యాలని మీ గైడుని ఇప్పుడే అడిగి ఒప్పించు, తర్వాత కాదు.

మొదటి మనిషిని కలవకముందే నీ పథకం రెండు ప్రతులు రాసి, ప్రతి పేజీ మీదా తేదీ, సంతకం వేసి, ఒకటి మీ గైడుకిచ్చి ఒకటి నాకు పోస్టులో పంపు. నేను కవరు విప్పను. నువ్వు ఫలితాలతో వచ్చినప్పుడు నీ ఎదురుగానే విప్పుదాం. మీ అమ్మని అడిగానని చెప్పు, పెద్దమ్మ నీకు చేగోడీలు పంపుతోంది.

ఇట్లు,
మీ పెదనాన్న