బ్రౌజరులో తయారగు రశీదులు: సభ్యులు గమనింపవలసిన విషయములు

రశీదులు, ధ్రువపత్రములు నేడు పెక్కుచోట్ల పిడియఫ్ రూపమున లభించుచున్నవి. 1993లో అడోబీ సంస్థ ప్రవేశపెట్టిన ఈ పత్రరూపము 2008లో అంతర్జాతీయ ప్రమాణమైనది. ఏ యంత్రముపై తెరచినను పుటల అమరిక మారకుండుట దీని ముఖ్యగుణము.

ఇట్టి పత్రము రెండు విధములుగా తయారగును. మొదటి విధమున అది సర్వరులో తయారై మనకు చేరును. రెండవ విధమున సర్వరు వివరములను మాత్రమే పంపును. మన ఫోనులోని బ్రౌజరే వానిని పత్రముగా కూర్చును. ఇట్లు కూర్చిన పత్రమునకు బ్రౌజరు 'బ్లాబ్' అను పేరుతో మొదలగు తాత్కాలిక చిరునామా నిచ్చును. ఆ చిరునామా మరొకరి ఫోనులో పనిచేయదు. దానిని కల్పించిన పేజీని మూసినచో అదియు నశించును. కావున పన్ను చెల్లించిన రైతు రశీదును తెరపై చూచి, భద్రపరుపకయే పేజీ మూసినచో, ఆ ప్రతి అతనికి దక్కదు.

బ్రౌజరులన్నియు ఒకే తీరున వర్తింపవు. కంప్యూటరుపై క్రోమ్, ఫైర్‌ఫాక్స్ సాధారణముగా పత్రమును తమలోనే తెరచి చూపును. ఐఫోనులోని సఫారికి డౌన్‌లోడు సదుపాయము 2019లో మాత్రమే కలిగినది. సందేశముల యాప్‌లలో తెరచుకొను బ్రౌజరులు కొన్ని, బటను నొక్కినను, పత్రము నీయవు. అట్టిచో ఆ లింకును ఫోనులోని అసలు బ్రౌజరులో తెరువవలెను. కొత్త కిటికీ తెరచుకొనుటను బ్రౌజరు అడ్డగించుటయు కలదు.

పంచాయతీకి వెబ్‌సైటు చేయించు సభ్యులు ఈ క్రింది విషయములను ముందుగనే కోరవలెను:

1. పత్రమును చూచుటకు ఒక బటను, డౌన్‌లోడు చేయుటకు వేరొక బటను ఉండవలెను.

2. పత్రము పేరులో రశీదు సంఖ్య ఉండి, చివర పిడియఫ్ గుర్తు ఉండవలెను.

3. పిడియఫ్‌కు సహజముగా గల 14 ప్రామాణిక ఫాంటులలో తెలుగు లేదు. కావున తెలుగు ఫాంటును పత్రములోనే పొందుపరుపవలెను. ఒత్తులు విడిపోకుండ కూర్చుటయు అవసరము. 'లక్ష్మి', 'కృష్ణ' వంటి పేర్లతో పరీక్షించినచో లోపము తెలియును.

4. చెల్లింపు వివరములు సర్వరులో నిలిచి, రశీదు సంఖ్యతో మరల పత్రము పొందు వీలుండవలెను.

ఈ నాలుగింటిలో చివరిది మిక్కిలి ముఖ్యము. ఫోను పోయినను, పేజీ మూసినను, చెల్లించినవాని హక్కు పోరాదు. పని అప్పగించుకొనుటకు ముందు కంప్యూటరు, ఆండ్రాయిడ్ ఫోను, ఐఫోను మూటిపైనను పరీక్షింపుడు. డౌన్‌లోడైన పత్రమును తెరచి, పేరును, మొత్తమును సరిచూచిన పిమ్మటనే పేజీ మూయవలెనని గ్రామస్థులకు తెలుపుడు.