ఒక్క ఫిర్యాదూ వృథా పోదు

ప్రశ్న: మాది నిడదవోలు. పండగకు కొన్న స్వీట్లు తిని మా పిల్లలిద్దరికీ వాంతులు, విరేచనాలు అయ్యాయి. బిల్లు ఉంది. ‘ఒక్కరు చెబితే ఎవరు పట్టించుకుంటారు?’ అని ఇంట్లో అంటున్నారు. ఫిర్యాదు చేయమంటారా? – ఒక గృహిణి

జవాబు: తప్పకుండా చేయండమ్మా. ముందు ఆ బిల్లు చూడండి. 2022 జనవరి 1 నుంచి బిల్లు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) నంబరు వేయడం తప్పనిసరి. దుకాణం లైసెన్సు వివరాలు ఆ నంబరు మీదే ‘ఫోస్కోస్’ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ఉంటాయి. ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో ఫిర్యాదు చేసేటప్పుడు ఆ నంబరు రాయండి. ఒకే దుకాణం మీద నాలుగైదు ఇళ్ల నుంచి ఫిర్యాదులు చేరితే తనిఖీ ముందు ఎక్కడ జరగాలో ఆ లెక్కలే చెబుతాయి. నోరు విప్పని ఇంటి బాధ ఏ కంప్యూటర్‌కూ ఎక్కదు.

జనం చెప్పే వివరాలు ఎంత అవసరమో ఈ ఘటన చూస్తే తెలుస్తుంది. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛ వచ్చి పడిపోయారు. అప్పుడు ఏలూరు, మీ నిడదవోలు ఒకే జిల్లాలో ఉండేవి. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ గుర్తించింది. పురుగుమందుల అవశేషాల మీదా అనుమానం పడింది. ఎవరు ఏం తిన్నారు, ఏ నీళ్లు తాగారు అన్న వివరాలు జనం నుంచి రాకపోతే ఇలాంటి దర్యాప్తు ముందుకు సాగదు.

ఇక మీ హక్కులు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం (2006) సెక్షన్ 40 ప్రకారం కొనుగోలుదారే రుసుము కట్టి ఆహారాన్ని పరీక్ష చేయించుకోవచ్చు. అయితే ఆ సంగతి కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. ఆహారం ప్రమాణాలకు తగినట్టు లేదని తేలితే కట్టిన రుసుము వెనక్కి వస్తుంది. మీరు అలా చెప్పి కొనలేదు కాబట్టి ఫుడ్ సేఫ్టీ అధికారికి ఫిర్యాదు చేసి, ఆ దుకాణంలో నమూనాలు తీయమని కోరండి.

ఆహారం వల్లే హాని జరిగిందని రుజువైతే సెక్షన్ 65 కింద పరిహారం ఇప్పిస్తారు. మరణానికి కనీసం 5 లక్షలు, తీవ్ర గాయానికి 3 లక్షల వరకు, ఇతర హానికి లక్ష వరకు. ఇది కాక, రెండేళ్లలోగా మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. సలహాకు 1915కు ఫోన్ చేయండి.

డాక్టరు చీటీ, మందుల బిల్లులు, స్వీట్ల ప్యాకెట్ పారేయకండి. అవే స్వీట్లు కొన్న ఇరుగుపొరుగుకూ చెప్పి, వాళ్ల చేతా ఫిర్యాదు చేయించండి. మీ పిల్లల కోసమే కాదు, రేపు అదే దుకాణంలో కొనబోయే పిల్లల కోసం కూడా.