ఇంటి కత్తిపీట: ఎన్నిక, పదును, సంరక్షణ

కోతలు రాకమునుపే కొడవలిని కమ్మరియొద్దకు గొనిపోవని రైతు లేడు. ఆ రైతు నింటిలోని కత్తిపీటకు పదును పెట్టి యెన్ని యేండ్లయినదని యడిగినచో చెప్పగలవా రరుదు. ఒకమారు నాట్లకాలమున మే మొక గ్రామమునకు పోయినపుడు, ఒక యిల్లాలు బొటనవ్రేలికి గుడ్డ చుట్టుకొని గట్టున కూర్చుండుట చూచితిమి. మొద్దుబారిన కత్తిపీటపై గుమ్మడికాయను బలముగా నొక్కగా, కాయ జారి వ్రేలు తెగినదట. గాయముతో బురదలో దిగరాదు గాన ఆమె పదిదినముల కూలి పోగొట్టుకొనెను.

పదునుగల కత్తియే చేయి కోయునని మనవారనుకొందురు. నిజమునకు మొద్దుకత్తియే యెక్కువ ప్రమాదకరము. దానిపై బలము వేయవలసి వచ్చును; బలము వేసిన చేయి జారినచో ఆగదు.

ఎన్నిక: పూర్వము పారసీక వర్తకులు ఖడ్గములకై నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రపు ఉక్కును కొనిపోయిరి. కత్తి విలువ మెఱుపున గాక ఉక్కులో నున్నదని వారెఱుగుదురు. లారీ కమానుపట్టీతో కమ్మరి చేసిన కత్తి సులభముగా పదునెక్కును, కాని తుప్పు పట్టును. స్టెయిన్‌లెస్ ఉక్కులో నూటికి 10½ పాళ్లకు తగ్గక క్రోమియము కలదు గాన త్వరగా తుప్పు పట్టదు. చేకత్తి యినుము పిడిలోపల చివరివరకు పోయియుండవలెను. కత్తిపీటయైనచో పీటను పాదముతో నదిమి, కత్తిని కదిపి చూడుడు. ఏమాత్రము కదలినను కొనరాదు.

పదును: సానరాతిని నీటితో తడిపి, చేకత్తిని వాలుగా నుంచి నూరవలెను. కాగితపు మూలను రెండుమార్లు సగమునకు మడచినచో 22½ డిగ్రీల కోణము వచ్చును. వాలు అంతకు కొంచెము తక్కువగా నుండిన చాలును. అంచు రెండవవైపునకు తిరిగి వ్రేలికి గరగరమని తగులువరకు ఒకవైపు నూరి, పిమ్మట రెండవవైపు నూరవలెను. అంచు పొడుగున వ్రేలు నడుపరాదు. అడ్డముగా మాత్రమే తాకి చూడవలెను. కత్తిపీటకు కత్తి కదలదు గాన, సన్నని రాతినే దానిపై నడుపవలెను. పండిన టమాటా తొక్క నొక్కకుండగనే తెగినచో పదును కుదిరినట్లు. యంత్రపు చక్రముపై అంచు నీలివర్ణమగువరకు పట్టనీయకుడు. వేడికి ఉక్కు మెత్తబడి పదును నిలువదు.

సంరక్షణ: మామిడికాయ, నిమ్మకాయ, ఉల్లి కోసిన వెంటనే కత్తిని కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నూనె చేయి రాయవలెను. పనసకాయ కోయుటకు ముందే నూనె రాసినచో జిగురంటదు. రాతిపైనను, కంచముపైనను కోయక చెక్కపై కోయవలెను. పని ముగిసిన పిదప కత్తిపీటను పండబెట్టి, కత్తిని గోడవైపు త్రిప్పి, పిల్లలకందనిచోట నుంచవలెను.

ప్రతి యింటికి మంచి సానరాయి కొనుట భారమైనచో, సభ్యు లైదారుగురు కలిసి యొకటి కొనవచ్చును. నెలకొక సాయంత్రము చాలును. కొడవలికి మనము చూపు శ్రద్ధ, మనకు రెండుపూటల కూర తరిగి పెట్టు చేతికిని దక్కవలదా?