హార్బర్ రోడ్డు అలవాటు హీటర్ దగ్గర పనికిరాదు

విశాఖలో ఫిషింగ్ హార్బర్ వైపు కారు తిప్పగానే చాలామంది చేసే పని ఒకటుంది. అద్దాలెక్కించేసి, బయటి గాలి రాకుండా ఆ వంపు బాణం గుర్తున్న బటన్ నొక్కేస్తారు. ఎండబెట్టిన నెత్తళ్ల వాసన, ఐసు కరిగిన నీళ్ల నీచు, బోట్ల డీజిల్ పొగ అన్నీ అవతలే ఆగిపోతాయి. మల్కాపురం దాటేటప్పుడు రిఫైనరీ వాసనకీ అదే మందు. ఇక హీటరంటారా, తెల్లవారుజామున లంబసింగికో అరకుకో వెళ్తే తప్ప ఆ ఎర్రగీత వైపు ఎవరూ తిప్పరు.

ఆ అలవాటుతోనే టొరంటోకో మినియాపొలిస్‌కో వెళ్లి, నలుగురు కలిసి ఓ పాత కరోలా కొనుక్కుని, అక్టోబరులో మొదటిసారి హీటర్ వేస్తారు. గుప్పున ఏదో కంపు. చెయ్యి దానంతటదే ఆ బటన్ మీదికి పోతుంది. పోనివ్వకండి. ఇది చాలాసార్లు బండిలోంచే పుట్టిన వాసన. బటన్ నొక్కితే అదే గాలి లోపలే తిరుగుతుంది, పైగా అద్దాలు మసకబారతాయి.

పెట్రోలు కార్లో హీటర్‌కి వేరే పొయ్యి ఉండదు. ఇంజన్ని చల్లబరిచి వేడెక్కిన కూలెంట్, డ్యాష్‌బోర్డు వెనకున్న హీటర్ కోర్ అనే చిన్న రేడియేటర్‌లోకి వస్తుంది. బ్లోయర్ దాని మీదుగా గాలి తోస్తుంది. ఆ గాలి వచ్చేది ముందద్దం కింద, వైపర్ల దగ్గరున్న జాలీలోంచి. అందుకే బానెట్ కింద ఏం కాలినా, ఏం కారినా ఆ వాసన మీ మొహానికే కొడుతుంది.

వేసవంతా పేరుకున్న దుమ్ము మాడిన వాసనైతే కాసేపట్లో పోతుంది, పట్టించుకోవద్దు. తడిసిన గోనెసంచి వాసనైతే క్యాబిన్ ఫిల్టర్ చూడండి. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, ఇంట్లోనే మార్చుకోవచ్చు. గాలి ఎటు పోవాలో ఫిల్టర్ అంచున బాణం ఉంటుంది, తిరగేసి పెట్టకండి. ఆ చేత్తోనే వైపర్ల కింద జాలీలో కుళ్లుతున్న మేపుల్ ఆకులు కూడా తీసేయండి.

కాళ్ల దగ్గరికి గాలి వదిలినప్పుడే కంపు కొడితే హీటర్‌ని తిట్టకండి. ఎప్పుడో ఒలికిన పాలో, డబ్బా మూత ఊడిన సాంబారో కార్పెట్ కింద ఉండి ఉంటుంది.

తియ్యటి వాసన వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పాకం మరుగుతున్నట్టు ఉంటుంది, మొదట్లో బాగానే ఉందనిపిస్తుంది కూడా. అది కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్. హీటర్ కోర్ కారుతోందన్నమాట. ముందద్దం లోపలివైపు వేలితో రాసి చూడండి, జిడ్డు తగులుతుంది. పక్క సీటు కింద కార్పెట్ తడిగా ఉంటుంది. బానెట్ కింద కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతూ పోతుంది. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తిప్పితే చెయ్యి కాలుతుంది. కారిన కూలెంట్ విషం. రుచి తియ్యన కాబట్టి పిల్లలు, కుక్కలు నోట పెట్టుకునే ప్రమాదం ఉంది, వెంటనే తుడిచేయాలి. పార్టు ధర మరీ ఎక్కువ కాదు కానీ, దాన్ని చేరడానికి కొన్ని మోడళ్లలో డ్యాష్‌బోర్డంతా ఊడదీయాలి. కూలీ చూసి కళ్లు తిరుగుతాయి.

హార్బర్ దగ్గర పెరిగినవాళ్లు బోల్తాపడేది చేపల వాసన దగ్గర. "ఏట్రా, మీ అమ్మ పంపిన ఎండు నెత్తళ్లు డిక్కీలో మర్చిపోయావేటి?" అని ఒకళ్లనొకళ్లు అనుమానించుకుంటారు. ముందు డిక్కీ చూడండి, నిజమే కావచ్చు. ఖాళీగా ఉంటే జాగ్రత్తపడాలి. వైర్ల మీది ప్లాస్టిక్, రెసిన్లు అతిగా వేడెక్కినప్పుడు అచ్చం చేపల కంపు రావడం ఉంది. దానికి తోడు ఫ్యాన్ పెద్ద స్పీడులో తప్ప తిరగకపోతే, బ్లోయర్ రెసిస్టర్ మీద అనుమానపడొచ్చు. హీటర్ ఆపేసి మెకానిక్ దగ్గరికి పోవడమే. పొగ కనిపిస్తే బండి పక్కకి తీసి దిగిపోండి.

చలికాలం ఎలుకలు బ్లోయర్‌లో గూడు పెట్టడం అక్కడ మామూలే. వాటి మూత్రం ఘాటు పట్టాక గూడుని పొడిగా ఊడ్చవద్దు. హాంటావైరస్ ఆ దుమ్ముతోనే సోకుతుంది. గ్లౌజులు వేసుకుని, ఒక వంతు బ్లీచికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తడిపి, ఐదు నిమిషాలాగి తీయాలి.

నూనె మాడిన వాసనకి వారంలోపు మెకానిక్‌ని కలిస్తే చాలు, పొగ లేకపోతే. పెట్రోలు వాసనకి ఆ వెసులుబాటు లేదు, బండి ఆపాల్సిందే. సైలెన్సర్ పొగ వాసనా అంతే. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి అసలు వాసనే ఉండదు, మీ ముక్కుకి తగిలేది దాని వెంట వచ్చే మిగతా పొగ. తలనొప్పి, మత్తు మొదలైతే అద్దాలు దించి, ఆగి, బయటికి వచ్చేయండి. ఎవరైనా సొమ్మసిల్లితే 911కి ఫోను. మంచు పడ్డ పొద్దున వెనక గొట్టం చుట్టూ మంచు తవ్వాకే ఇంజన్ స్టార్ట్ చేయాలి. గ్యారేజీలో తలుపు తీసే ఉందిగదా అని బండి వేడెక్కించడం కూడా వద్దు.

మెకానిక్‌తో "వాసనొస్తోంది" అని ఊరుకుంటే అతను వెతికినంతసేపూ గంటకింత చొప్పున బిల్లు పెరుగుతుంది. బండి ఎక్కగానే వస్తోందా, ఎత్తెక్కేటప్పుడా, ఆగినప్పుడా? పై వెంట్లోంచా, కిందనుంచా? హీటర్ ఆపినా వస్తోందా? ఇవి రాసుకుని వెళ్లండి.

ఇంకా కారు కొనకపోతే మరీ మంచిది. టెస్ట్ డ్రైవ్‌లో ముందుగా అద్దానికి వేలాడుతున్న సెంటు బిళ్ల తీయించండి. సువాసన మరీ గుప్పుమంటోందంటే కింద ఏదో దాస్తున్నారేమోనని నా అనుమానం. అద్దాలెక్కించి, వేడి, ఫ్యాన్ రెండూ నిండుగా పెట్టి, బయటి గాలి మీద పది నిమిషాలు నడపండి. పక్క సీటు దగ్గర మ్యాట్ ఎత్తి చేత్తో తడిమి చూడండి. తడితో పాటు తియ్యటి వాసన కూడా ఉంటే బేరం అక్కడితో వదిలేయండి.