విద్యార్థి సంపాదకుడు

హైదరాబాదునందు తార్నాక చెంత ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము కలదు. అచటి పత్రికారచనా శాఖ 1954లో ఏర్పడెను. విద్యార్థులే విలేఖరులై, సంపాదకులై ‘ఉస్మానియా కొరియర్’ అను అభ్యాసపత్రికను వెలువరించుచు ఆ విద్య నేర్చుకొనిరి.

సంపాదకత్వమనగా తన పేరు అచ్చొత్తించుకొనుట కాదు. మిత్రుని వ్యాసమైనను తప్పులున్నచో దిద్దవలెను. విన్న వార్తను విచారింపక ప్రకటింపరాదు. నిజమని తేలినదానిని భయపడి దాచరాదు.

అంతకు పూర్వమే ఈ విశ్వవిద్యాలయమున చదివిన షోయబుల్లాఖాన్ ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ పత్రికకు సంపాదకుడయ్యెను. హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనము కావలెనని వ్రాసెను. రజాకార్ల దౌర్జన్యములను ఖండించెను. అందులకై 1948 ఆగస్టులో పిన్నవయస్సుననే హత్యకు గురియయ్యెను.

బాలలారా! మీ పాఠశాల గోడపత్రికకు మీరు సంపాదకులైనపుడు చిన్నవార్తనైనను సరిచూచిన పిదపనే వ్రాయుడు. అట్టి ధైర్యమునకు ఓనమాలు ఇచటనే దిద్దవలెను.