అయిదు గంటలకు వచ్చిన కూలి

చిరంజీవి రూతుకు,



నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నలభై ఏళ్లు తాగి ఇల్లు గుల్ల చేసిన మా తమ్ముడు మంచం పట్టాక, చివరి నెలలో బాప్తిస్మం తీసుకున్నాడు. సమాధి దగ్గర పాస్టర్ గారు వాడు ప్రభువు సన్నిధికి చేరాడన్నారని నీకు మండింది. ఊహ తెలిసినప్పటి నుంచి సండే స్కూలు, క్వయరు మానని నాకూ అదే, చిన్న తాతయ్యకూ అదేనా అని అడిగావు. అడగవలసిన ప్రశ్నే. మత్తయి సువార్త ఇరవయ్యో అధ్యాయంలో పొద్దస్తమానం ద్రాక్షతోటలో, ఎండలో చాకిరీ చేసిన కూలీలు అడిగిందీ అదే.

ఆ ఉపమానాన్ని మనం కూలి పంచే చోట పట్టుకుంటాం. నువ్వు అడ్డా దగ్గర పట్టుకుని చూడు. మన ఒంగోలులో పొద్దున్నే మేస్త్రీ వచ్చి కండ ఉన్నవాళ్లను ఏరుకుపోతాడు. పది దాటినా అక్కడే మిగిలిపోయిన వాళ్లను చూశావా? క్యారేజీ మూత తీయరు. పని దొరక్కుండా అన్నం తినడానికి మనసొప్పదు. సాయంత్రం అయిదింటి దాకా అలా నిలబడటం తోటలో ఎండకంటే భారం. పొద్దున్నే తోటలో దిగినవాడికి రాత్రికి పొయ్యి వెలుగుతుందన్న ధీమా ఉంది. యజమాని అందరికీ ఒకేలా ఇచ్చిన దేనారమంటే ఆ రోజుల్లో ఒక దినకూలి. అయిదింటికి వచ్చినవాళ్లకు గంట పనికి పన్నెండో వంతు ఇస్తే లెక్క సరిపోతుంది, పిల్లల కడుపు నిండదు. ముందొచ్చిన వాళ్లకు యజమాని పైసా తగ్గించలేదు. వీళ్లకు ఇచ్చింది తన సొంతం.

మన సంఘం చరిత్రే చూడు. 1876-78 కరువులో మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చేశారు. గింజల కోసం మతంలో చేరారన్న మాట పడకూడదని అప్పట్లో బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. యెర్రగుంట్ల పేరయ్యగారు 1866లోనే నమ్మి, ఊరూరా సువార్త చెప్పినవారు. పన్నెండేళ్లు ముందొచ్చిన ఆయనకూ, ఆ రోజు వచ్చినవాళ్లకూ ఒకటే బల్ల, ఒకటే రొట్టె.

ఇంకో మాట. దేవుడు క్షమించాడు గనుక నువ్వూ మర్చిపో అని మీ చిన్న నాయనమ్మతో ఎవరన్నా అంటే నేను ఊరుకోను. సువార్తలోని జక్కయ్య కృప దొరికిన రోజే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. మా తమ్ముడికి ఆ వ్యవధి లేకపోయింది. చివరి వారంలో ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు, ఒక్క మాటా అనలేదు. ఆ బాకీ ఇప్పుడు మనది. వాడు తాకట్టు పెట్టిన ఆవిడ అరెకరం విడిపించే పని నేను చూస్తున్నాను.

నువ్వు పొద్దున్నే పిలుపు అందుకున్నదానివి తల్లీ. అడ్డా మీద ఒక్క పూటైనా నిలబడలేదు. దాన్ని నష్టం కింద రాసుకోకు. వచ్చే ఆదివారం ప్రభు సంస్కారం ఉంది, రా. వచ్చి చిన్న నాయనమ్మ పక్కన కూర్చో. ఆవిడ ఒంటరిగా వస్తోంది.

మీ తాతయ్య