డిలీట్ కొట్టకు చెల్లీ, ముందు లాగ్‌లు చూడు

‘సీఐఎస్‌ఏ రాద్దామనుకుంటున్నా అక్కా, ఎక్కణ్నుంచి మొదలుపెట్టను?’ అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. సీఐఎస్‌ఏ అంటే ఐటీ ఆడిటర్ సర్టిఫికెట్ కోసం రాసే పరీక్ష. అడిగేవాళ్లలో ఎక్కువమంది ఐటీలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లే. వాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. పరీక్ష రాసే ఆ నాలుగు గంటలూ నీలోని ఇంజినీరును కాస్త పక్కన కూర్చోబెట్టు.

ఎందుకంటావా? నేనే అల్లిన ఈ ప్రశ్న చూడు. ఆడిట్‌కి వెళ్లావు. ఎప్పుడో ఉద్యోగం మానేసిన మనిషి లాగిన్ ఐడీ ఇంకా పనిచేస్తోంది. ముందుగా ఏం చేస్తావు? ఐడీ తీసేయిస్తావా, మేనేజర్‌కి మెయిల్ పెడతావా, రిపోర్టులో రాసేస్తావా, ఆ మనిషి వెళ్లిపోయాక ఆ ఐడీతో ఎవరైనా లోపలికి వచ్చారేమో లాగ్‌లు చూస్తావా? సపోర్ట్ టీమ్‌లో పనిచేసిన చెయ్యి నేరుగా మొదటిదాని మీదకే పోతుంది. ఇన్నాళ్లూ జీతం తీసుకుంది ఆ పనికే కదా! కానీ సరిచేయడం ఆడిటర్ పని కాదమ్మా. తన చేత్తో సరిచేసినదాన్ని రేపు తనే ఎలా తనిఖీ చేస్తుంది? ముందు ముప్పు ఎంతదూరం పోయిందో చూడాలి, సాక్ష్యం చేతికి రావాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి.

ప్రశ్నలో ఫస్ట్, బెస్ట్, మోస్ట్ లాంటి మాటలు పెద్దక్షరాల్లో కనిపిస్తాయి. నాలుగు జవాబుల్లో రెండు మూడు సరైనవే అనిపిస్తాయి. వాటిలో ఏదో తేల్చేది ఆ ఒక్క మాటే. ఈ పరీక్ష తెలుగులో లేదు, నిజమే. అయినా తెలుగు మీడియంలో చదివానని బెంగపడకు. కావలసింది గొప్ప ఇంగ్లిష్ కాదు, ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగే ఓపిక.

సాక్ష్యం సంగతి హైదరాబాద్ వాళ్లకి ఒకరు చెప్పాలా? మన సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజే ఉత్తరం రాశారు. కంపెనీ మన చేతిలో పెట్టిన కాగితం వేరు, బ్యాంకును మనమే నేరుగా అడిగి తెప్పించుకున్న జవాబు వేరు. ఈ తేడా మనసుకు పడితే సాక్ష్యాల పాఠం బట్టీ పట్టే పనే లేదు.

మొత్తం 150 ప్రశ్నలు, 240 నిమిషాలు. తప్పు రాస్తే మార్కులు కోయరు కాబట్టి ఒక్కటీ వదలకు. స్కోరు 200 నుంచి 800 దాకా ఉంటుంది, 450 వస్తే పాస్. అది శాతం లెక్క కాదు. ఉన్న ఐదు విభాగాల్లో చివరి రెండు, అంటే సిస్టమ్స్ నడపడం, సమాచార భద్రత, కలిపి సగానికి పైనే. టైమ్ చాలకపోతే అక్కడ కూర్చో. ప్రాక్టీసు ప్రశ్నలు రెండోసారి చేసినప్పుడు వచ్చే మార్కులను నమ్మకు, జవాబులు గుర్తుండిపోయి ఉంటాయి. మిగతా మూడు జవాబులూ ఎందుకు కావో పైకి చెప్పుకోగలిగితేనే వచ్చినట్టు.

ఇంట్లోంచి రాసే వీలుంది గానీ పరీక్ష అయ్యేదాకా గదిలోకి ఎవరూ రాకూడదు. చంటిపిల్లలున్న ఇంట్లో అది అయ్యే పనేనా? హాయిగా సెంటర్‌కి వెళ్లు.

పిల్లల కోసం ఉద్యోగం మానేసిన చెల్లెళ్లకి ఈ మాట గట్టిగా చెప్పాలని ఉంది. పరీక్ష రాయడానికి అనుభవం అడగరు. పాసయ్యాక సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేసుకోవడానికి ఐదేళ్ల గడువుంది. కావలసిన అనుభవమూ ఐదేళ్లే, అందులో చదువును బట్టి మూడేళ్ల వరకు మినహాయింపు దొరకొచ్చు. దరఖాస్తుకు ముందు పదేళ్లలో చేసిన పని లెక్కలోకి వస్తుంది. అంటే బ్రేక్‌కి ముందు ఆడిట్, కంట్రోల్, సెక్యూరిటీల్లో నువ్వు చేసిన పని వృథా పోలేదు, కాకపోతే మరీ ఆలస్యం చేస్తే గడువు దాటిపోతుంది. ఆ పని చేశావని నీ పై అధికారి ధ్రువీకరించాలి. వాళ్లూ కంపెనీలు మారిపోతుంటారు. అందుకే పుస్తకం తెరిచేలోపే మీ పాత మేనేజర్ ఇప్పుడెక్కడున్నారో కనుక్కుని ఒక్క ఫోన్ చేసి పెట్టుకో.